ఏడుపు డాక్టరమ్మ

పిల్లల మెదడు ఎదుగుదలను చూసే ఆ డాక్టరును ఆస్పత్రిలో చాటుగా 'ఏడుపు డాక్టరమ్మ' అంటారు. గది బయట పసిపిల్లలు ఎంత గోల పెట్టినా ఆమె విసుక్కోదు. పైగా పెన్ను పక్కన పెట్టి, పాట వింటున్నట్టు తల వాల్చి వింటుంది. వరండా సద్దుమణిగితే మాత్రం కాలు నిలవదు. లేచి వెళ్లి తలుపు తీసి చూస్తుంది. వారానికోసారి అనాథ శిశువుల ఆశ్రమానికి కూడా వెళ్తుంది. మొన్న అక్కడి కొత్త ఆయా వరసగా ఉన్న ఉయ్యాలలు చూపించి, "మా పిల్లలంత బుద్ధిమంతులు ఎక్కడా ఉండరమ్మా, ఒక్కరూ ఏడవరు" అంది సంబరంగా. ఉయ్యాలల్లో అందరూ మేలుకునే ఉన్నారు, అందరూ పైకప్పునే చూస్తున్నారు. "ఏడిస్తే ఎవరో ఒకరు వస్తారని పసిమెదడు నేర్చుకోవాలమ్మా. ఎవరూ రాకపోతే, రారనీ నేర్చుకుంటుంది" అని మెల్లగా చెప్పి, డాక్టరమ్మ ఒక్కొక్కరినే ఎత్తుకుంది.

ఇంటికొచ్చి, కుళాయి కింద చేతులు కడుక్కుంటూ ఆయా అన్న మాట చెబితే, బఠాణీలు ఒలుస్తున్న తల్లి నవ్వింది. "నువ్వూ అంతేనే! మీ నాన్న పోయాక నిన్ను గదిలో పడుకోబెట్టి, తలుపేసి మిల్లుకి పోయేదాన్ని. మొదట్లో గుక్కపట్టి ఏడ్చేదానివట. ఆ తర్వాత నోరెత్తితే ఒట్టు. ఎంత బుద్ధిమంతురాలివో!"

కూతురు కుళాయి కట్టేసింది. ఇల్లు సద్దుమణిగింది. ఆమె వెళ్లి వీధి తలుపు తీసి, చాలాసేపు అక్కడే నిలబడింది.

"ఎవరే వచ్చింది?" అంది తల్లి.

"ఎవరూ రాలేదమ్మా."