సారు బొమ్మ మీద నేను పెట్టని గుర్తు

సారు పోయారని ఆదివారం పొద్దున బొమ్మలు గీసే మా వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. కింద వరసగా జోడించిన చేతులు. "ఎవరినీ నొప్పించని మనిషి" అని ఒకరు రాశారు. ఫోన్ విసిరికొట్టాలనిపించింది. నన్ను నొప్పించారు. అందరి ముందూ, మా ఆయన నా బొమ్మ చూడడానికి మొదటిసారి అక్కడికొచ్చిన రోజునే నొప్పించారు.

సారు పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో హెచ్చరిక బోర్డులు రాసి రిటైరైన మనిషి. నెలకో ఆదివారం వాళ్ళ మేడ మీద, రేకుల కింద, ఎనిమిది మందిమి మా బొమ్మలు పట్టుకుని కూర్చునేవాళ్ళం. బొమ్మ మీద అద్దంలాంటి ప్లాస్టిక్ షీటు పరిచి, తప్పనిపించి కన్ను ఎక్కడ ఆగితే అక్కడ పెన్నుతో సున్నా చుట్టాలి. "బాగుంది" అనకూడదు. "బాగుందనెటోళ్లు బయట మస్తు మంది ఉన్నరు. ఈడ సూసెటోళ్లు గావాలె" అనేవారు.

షిఫ్టు బస్సు కోసం మా ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డ ఆరుగురు ఆడవాళ్ళను గీశాను నేను. మా ఆయన చూస్తుండగానే సారు ఆరు జతల కాళ్ళకీ ఆరు సున్నాలు చుట్టారు.

"ఏందమ్మా, పెండ్లి ఫొటోకు నిలబడ్డట్టు నిలబడ్డరు? ఎనిమిది గంటలు పనిజేసినోళ్ల కాళ్లు గిట్లుంటయా? రేపు గేటు కాడ జెర సేపు సూడు, మల్ల గీయి."

ఒళ్ళు మండింది. ప్యాకింగ్ లైన్‌లో రోజూ నిలబడేది నేను. నా కాళ్ళ సంగతి నాకే చెప్తాడా ఈయన? మర్నాడు పంతానికే చూశాను. ఒక్కరూ నిటారుగా లేరు. ఒంటికాలి మీద బరువేసి, చెప్పులోంచి మడమ బయటికి తీసి నిలబడ్డారు. నేనూ అలాగే ఉన్నాను. మళ్ళీ గీశాను. నేను గీసినవాటిలో అదే మంచి బొమ్మ. సారుకు చూపించలేదు.

ఆఖరిసారి కలిసినప్పుడు సారు తను గీసిన బొమ్మ పెట్టారు. అందులో వాళ్ళావిడ టీ గ్లాసుతో కూర్చుని ఉన్నారు. పెద్దాయన గీసింది కదా అని ఎవరూ షీటు ముట్టుకోలేదు. ఆయన పెన్ను నా చేతికిచ్చారు.

"నువ్వు సెప్పమ్మా. నువ్వైతే మొహమాటపడవు."

తప్పు నాకు చూడగానే తెలిసింది. పొగలు కక్కుతున్న గ్లాసును ఆవిడ అరచేయంతా చుట్టి పట్టుకున్నారు. ఎవరైనా అంచు దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుంటారు.

కానీ నా ఆరు సున్నాలు గుర్తొచ్చాయి. "బాగుంది సార్" అన్నాను. పెన్ను మూత కూడా తీయలేదు.

"గంతేనా?"

"అంతే సార్."

ఆయన తలూపి షీటు చుట్టుకున్నారు. మూడు వారాలకే పోయారు.

పదకొండో రోజున వాళ్ళావిడ ఆ బొమ్మ, షీటు తెచ్చి నాకిచ్చారు. "నీకియ్యమన్నడు బిడ్డా. ఆ పిల్ల ఉత్తగ బాగుందనదు, ఏదో తప్పున్నదని దినాం దీన్ని ముందటేస్కొని కూసుండె."

షీటు మీద సారు చుట్టిన సున్నాలు మూడున్నాయి. ముఖం మీద ఒకటి, భుజం మీద ఒకటి, కుర్చీ కాలి మీద ఒకటి. తుడిచి మళ్ళీ చుట్టినవి. గ్లాసు పట్టుకున్న వేళ్ళ దగ్గర ఏమీ లేదు.

ఫోన్ చేసి నన్ను తిట్టొచ్చు కదా? ఆ కోపం ఆయన మీద ఇంకా ఉంది. నా మీదున్న కోపం ముందు అదెంత!

నిన్న పెన్ను మూత తీసి, ఆ వేళ్ళ మీద నాలుగో సున్నా చుట్టాను. పక్కన "చెయ్యి కాలుతది సార్" అని రాశాను. ఫ్యాను గాలికి షీటు లేచినప్పుడల్లా ఆ సున్నా పక్కకు జరిగిపోతోంది. షీటు కింద, బొమ్మలో ఆవిడ ఆ వేడి గ్లాసును అలాగే గట్టిగా పట్టుకుని కూర్చున్నారు.