పొగ వీధికి, నిప్పు ఇంటికి

నేను మాట పడే మనిషిని కాను. ఎవరైనా నావైపు వేలు చూపిస్తే, ఆ వేలు పట్టుకుని ఇంకో పదిమంది వైపు తిప్పేవాణ్ణి. గోదావరిఖనిలో అది మరీ సులువు. దుమ్మంటే ఓపెన్‌కాస్ట్ గని వైపు చెయ్యి చూపొచ్చు, మసి అంటే లారీల వైపు, పొగ అంటే ఆకాశంలోకి లేచిన పొగగొట్టాల వైపు. చూపించడానికి ఇన్ని ఉన్న ఊళ్లో నా గుమ్మం ముందు పొయ్యి ఎవరికి కనబడుతుంది?

అది బొగ్గు పొయ్యి. పాత డ్రమ్మును సగానికి కోయించి, లోపల మట్టి మెత్తి, మధ్యలో ఇనుప చువ్వలు పెట్టి నేనే చేసుకున్నాను. మా దగ్గర బొగ్గు పొయ్యిని ఇంట్లో అంటించరు. వీధిలో పెట్టి, పిడకలూ కట్టెపేళ్లూ వేసి ముట్టిస్తారు. అరగంటసేపు కళ్లు మండే పొగ లేస్తుంది. అదంతా పోయి బొగ్గు ఎర్రబడ్డాక పొయ్యిని జాగ్రత్తగా లోపలికి తెచ్చుకుంటారు. పొగ వీధికి, నిప్పు ఇంటికి. ఇందులో తప్పుందని ఎవరికీ తోచేది కాదు, ఒకప్పుడు మా లైన్లో అందరిదీ అదే పద్ధతి. తర్వాత ఒక్కొక్కరే గ్యాస్‌కు మారారు. నేను మారలేదు. ఇంట్లో గ్యాస్ లేక కాదు, అన్నం కూర దానిమీదే అయ్యేవి. నా స్నానం నీళ్లు మాత్రం బొగ్గు మీదే కాగాలి. మా వైపు గనిని బాయి అంటాం. బాయిలో జీవితమంతా బొగ్గు తీసినవాడు గ్యాస్ మీద కాగిన నీళ్లు పోసుకుంటాడా అని నా పౌరుషం. పౌరుషమట!

పక్కింటి బావ నాకు చుట్టం కాదు. ఒకే బాయిలో, ఒకే షిఫ్టులో పనిచేశాం. పక్కపక్కన జాగాలు కొని, గోడకు గోడ ఆనించి ఇళ్లు కట్టుకున్నాం. అలా బావలమయ్యాం. ఛాతీ పాడై ఆయన నాకంటే ముందే డ్యూటీ మానేశాడు. నాలుగడుగులు వేస్తే గోడ పట్టుకుని నిలబడేవాడు. పొద్దున పూట గాలి మా ఇంటి వైపు నుంచి వాళ్లింటికి వీస్తుంది. నేను పొయ్యి ముట్టించిన కాసేపటికి గోడ అవతల దగ్గు మొదలయ్యేది.

మొదటిసారి ఆయన నవ్వుతూనే అడిగాడు.

"బావా, జర ఆ పొయ్యి అవతలి మూలకు పెట్టుకోరాదు? పొగకు ఊపిరాడుతలేదు."

"అయ్యో, గదెంత పని! రేపటి సంది పెడ్త," అన్నాను.

రేపు వచ్చింది. పొయ్యి మోస్తే నడుం పట్టేస్తుందనిపించింది. తర్వాత వానలు పడి ఆ మూలలో నీళ్లు నిలిచాయి. తర్వాత నా రిటైర్మెంట్ హడావుడి. ఆ తర్వాత ఏమో, సాకులకు కరువా? ఒకరోజు నా భార్య తట్టుకోలేక గట్టిగానే అంది. "ఆ మనిషి దగ్గు ఇంటుంటే నాకే పానం ఆగుతలేదు. హీటరు తెచ్చుకుంటె అయిపాయె గదా!"

"నా ఒక్క పొయ్యి బందైతె ఊరంత సాఫైతదా ఏంది?" అని ఎగిరిపడ్డాను.

అక్కడితో ఆగినా బాగుండేది. మా పక్క రోడ్డు మీద బొగ్గు లారీలు టార్పాలిన్ పట్టాలు కప్పకుండా పోతున్నాయని దరఖాస్తు రాసింది నేనే. మా పిల్లల ఊపిరితిత్తులని, మా హక్కులని, రాసి, నాకు నేనే రెండుసార్లు పైకి చదువుకున్నాను. ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించాను. పక్కింట్లో బావ భార్య, నేను అక్క అని పిలిచే మనిషి, తడి చేతులు కొంగుకు తుడుచుకుని సంతకం పెట్టింది. కాగితం నా చేతికిస్తూ అడిగింది.

"లారీలది మంచిగనే రాసినవ్ తమ్మీ. మరి నీ పొయ్యిది మేం ఎవలకు రాయాలె?"

నా మొహం మాడిపోయింది. "అక్కా, బావ ఛాతి ఖరాబైంది బాయిల. నా పొయ్యితోని కాదు," అన్నాను.

మంచం మీంచి బావ, "ఊకోయే, గిట్లనా మాట్లాడేది?" అని ఆమెనే కసిరాడు. నేను గెలిచినట్టు బయటికి వచ్చాను. పంతం కొద్దీ ఆ వారమంతా పొయ్యి ఇంకాస్త ముందే ముట్టించాను. ఛీ, ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ చలికాలం వాళ్లు ముందుగదిలోని మంచాన్ని వెనక వంటింట్లోకి మార్చారు. కిటికీ మూశారు. తలుపు కింది సందులో పాత చీర కుక్కారు. ఇవన్నీ నేను చూశాను, చూడలేదని అబద్ధం చెప్పను. చివరికి ఇంటికి తాళం వేసి, మంచిర్యాలలో మేడ మీద గది అద్దెకు తీసుకుని వెళ్లిపోయారు. ఆటో ఎక్కుతూ బావ, "దవాఖాన దగ్గరయితది బావా, అంతే," అన్నాడు. నేనూ అది నమ్మినట్టే తలాడించాను.

మర్నాడు పొద్దున అలవాటుగా పొయ్యి ముట్టించి ఎదురుగా కూర్చున్నాను. గోడ అవతల చప్పుడు లేదు. పొగ వంగి, నేరుగా వెళ్లి తాళం వేసిన ఆ తలుపు సందుల్లో దూరుతోంది. అన్నేళ్లలో నా పొగ ఎక్కడికి పోతుందో ఒక్కరోజు కూడా కూర్చుని చూడలేదు. బకెట్ నీళ్లు కుమ్మరించి ఆర్పాను. సుత్తి తెచ్చి మట్టి పగలగొట్టాను, చువ్వలు పీకేశాను. పది నిమిషాలు పట్టలేదు.

వారం తర్వాత మంచిర్యాల వెళ్లాను. నిజం చెప్పాలంటే మెప్పు కోసమే వెళ్లాను. పొయ్యి తీసేశాను, ఇంటికొచ్చేయండని చెబుదామని. బావ నిద్రలో ఉన్నాడు. నిద్రలో కూడా ఆయన ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. అక్క నన్ను బయట మెట్ల మీద కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, గొంతు తగ్గించి చెప్పింది.

"బొగ్గు పొగ పడ్తలేదంటె డాక్టర్ సారు పోయినప్పుడల్ల తిడ్తడు తమ్మీ. ఇంట్ల బొగ్గు కాలవెట్టుకుంట నా దగ్గరికెందుకొస్తరు అంటడు. ఈయనేమో, తప్పయింది సార్, మా పొయ్యే, బంద్ జేస్త అంటడు. ఒక్కనాడు నీ ముచ్చట తియ్యలె. నేను చెప్పబోతె కాలు తొక్కుతడు."

ఆ మెట్ల మీదే ఏడ్చేశాను. పొయ్యి నాది, తిట్లు ఆయనవి. నేను అన్నేళ్లలో ఒక్కసారి కూడా అనలేని 'తప్పయింది' అనే మాట, ఏ తప్పూ లేని మనిషి నా బదులు అంటూ వచ్చాడు.

తర్వాతిసారి దవాఖానకు నేనూ వెంట వెళ్లాను. డాక్టరు చీటీ చూస్తూనే మొదలుపెట్టాడు. "ఏం పెద్దాయనా, పొయ్యి ఆపినవా లేదా?"

బావ నోరు తెరిచేలోపే నేను ముందుకు జరిగాను. "ఆ పొయ్యి ఆయనది కాదు సార్. నాది. మాది పక్కిల్లు. ఇప్పుడు తీసేసిన."

డాక్టరు తలెత్తి నన్ను చూశాడు. "పొగ పడ్తలేదని ఈయన నీకు చెప్పలేదా?"

"చెప్పిండు సార్."

"చెప్పి ఎన్నేండ్లయింది?"

అక్కడిదాకా ధైర్యంగానే వచ్చాను. ఆ ప్రశ్నకు, గుర్తు తెచ్చుకుంటున్నట్టు వేళ్లు లెక్కపెట్టాను.

"నాలుగేండ్లయితుండొచ్చు సార్," అన్నాను.

స్టూలు మీద కూర్చున్న బావ నా వైపు చూడలేదు. నేల చూస్తూ, ఊపిరి కూడదీసుకున్నాడు.

"ఐదు, సార్," అన్నాడు.