ఆరో తాళం

సబ్బుల కర్మాగారంలో కరెంటు మేస్త్రీని అందరూ మొండయ్య అంటారు. మరి అనరూ! పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. యంత్రం గొట్టంలోకి పాకి కడిగే ప్రతివాళ్లూ మెయిన్ స్విచ్చుకు తమ తాళం తగిలించి, తాళంచెవి తమ దగ్గరే ఉంచుకుని దిగాలని నియమం పెట్టింది అతనే. ఒక్క తాళం ఉన్నా స్విచ్చు పడదు, యంత్రం తిరగదు. బయటికొచ్చాక ఎవరి తాళం వాళ్లే తీయాలి. అలా పాకేవాళ్లలో అతని భార్య కూడా ఉంది.

ఆ మధ్యాహ్నం ఆరుగురు రెండు వైపుల నుంచీ దూరారు. చివరికి ఐదు తాళాలే తీశారు. ఆరోది పిల్లి అని పిలిచే సన్నటి మనిషిది. పిలిస్తే పలకలేదు, ఫోను ఎత్తలేదు. మళ్లీ మూతలు విప్పి వెతకాలంటే గంట పడుతుంది. ఆలోపు పైన తొట్టిలో కాగిన సబ్బు గడ్డకడుతుంది.

"వాడు ఇంటికి పోయుంటాడు. తాళం కోసేయండి," అన్నాడు మేనేజరు.

మొండయ్య ఆ తాళాన్ని గుప్పిట్లో బిగించాడు. "పెట్టినవాడే తియ్యాలి సార్. కొయ్యాలంటే ముందు నా చెయ్యి కొయ్యండి."

"ఉద్యోగం పోతుంది."

అతను కదలలేదు. అతని పింఛనుకు ఇంకా రెండేళ్లే. భార్య దగ్గరికెళ్లి, "ఏమయ్యా, చావడానికి నీకు ఈ తాళమే దొరికిందా?" అంది.

"లోపలుంటే?" అన్నాడంతే.

నలభై నిమిషాలకు మనిషిని పంపి పట్టుకొచ్చారు పిల్లిని. కడుపునొప్పొచ్చి, తాళం మాట మరిచి ఇంటికి పోయాడట! సబ్బు రాయైంది. మొండయ్యను రేపటి నుంచి రావద్దన్నారు. లేని మనిషి కోసం ఉద్యోగం పోగొట్టుకున్నాడని ఊరంతా నవ్వింది. ఇంట్లో భార్య నోటికొచ్చినట్టల్లా తిట్టింది.

మర్నాడు ఆమె తన తాళం తగిలించింది. గొట్టంలో ఒక మోకాలు పెట్టి, అలవాటుగా వెనక్కి చూసింది. మొండయ్య కూర్చునే స్టూలు ఖాళీగా ఉంది. పక్కన కొత్త మేస్త్రీ, గోడకు ఆనించిన తాళాలు కోసే కత్తెర.

మోకాలు వెనక్కి తీసుకుంది. స్టూలు స్విచ్చు ముందుకు జరుపుకుని కూర్చుంది.

"ఆయన్ని పిలిపించండి సార్. ఆయన ఇక్కడుంటేనే నేను దిగేది."

పిల్లి కూడా వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.