నాయనమ్మ మోసుకెళ్ళిన పీట

పంతొమ్మిది వందల డెబ్బైల్లో మా నాయనమ్మ పంచాయతీ మెంబరు. ఆడవాళ్ళకు సీటు ఉండాలన్నారు కాబట్టి ఊరి పెద్దలు ఆమెను ఏకగ్రీవం చేశారు. మీటింగులకు రమ్మని మాత్రం ఎవరూ పిలవలేదు. గన్నవరం అవతల మా ఊళ్ళో అదే మర్యాద కింద లెక్క. మీటింగయ్యాక బంట్రోతు మినిట్సు పుస్తకం మా పేటకు పట్టుకొచ్చేవాడు. నాయనమ్మ మిషను బడిలో నేర్చిన గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టి, అతనికి మజ్జిగ ఇచ్చి పంపేది.

ఆ ఎండాకాలం ఊళ్ళో కొత్తగా నీళ్ళ ట్యాంకు కట్టారు. మా వైపుకు ఒక్కటే కుళాయి ఇస్తామన్నారు. కాలవకు నీళ్ళు కట్టేశాక మా పేట ఆడవాళ్ళు దూరంగా ఉన్న చెరువుకు వెళ్ళేవాళ్ళు. మా అమ్మకు నెలలు నిండినా బిందె తప్పలేదు. చంకన బిందెతో ఆమె గట్టు దిగుతుంటే నాకు భయం వేసేది.

ఆసారి బంట్రోతు రాగానే నాయనమ్మ, "కుళాయి ఎక్కడన్నారయ్యా?" అంది.

"ప్రెసిడెంటు గారి వీధిలోనండి."

పుస్తకం తిరిగి ఇచ్చేసింది. "నేనే వచ్చి సంతకం పెడతానని చెప్పు."

మర్నాడు చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టి, అమ్మ పొయ్యి ముందు కూర్చునే ముక్కాలి పీట చంకన పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని పంచాయతీ ఆఫీసుకు బయల్దేరింది. అక్కడ తనకు కుర్చీ ఉండదని ఆమెకు తెలుసు.

"నీకెందుకమ్మా ఇంత శ్రమ?" అన్నారు ప్రెసిడెంటు గారు.

"బిందెలు మోసే ఒంటికి పీట బరువాండి?" అంటూ అక్కడున్న పెద్దలందరి మధ్యా పీట వేసుకుని కూర్చుంది. "నా కోడలు నిండు చూలాలు. మీ వీధిలో అందరూ పట్టుకున్నాక గానీ మా బిందె నిండదు. అది తెలిసి పెట్టారా, తెలియక పెట్టారా?"



"తెలియకేలే," అన్నారాయన.

ఆయన పరువు నిలిచే దారి కూడా ఆవిడే చూపించిందని నాకు పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు. తమ్ముడు పుట్టేనాటికి కుళాయి మా పేట మొదట్లో ఉంది. ఇప్పుడు పటమటలో మా ఇంట్లో గదికో కుళాయి. నీళ్ళు ధారగా పడుతుంటే ఆవిడ మీద బెంగ పుడుతుంది.

ఆ రోజు మేం ఇంటికి రాగానే అమ్మ పొయ్యి దగ్గర వెతుక్కుంది.

"పీటేదత్తయ్యా?"

"అక్కడే ఉంచొచ్చాను. వచ్చే నెల మీటింగుందిగా."