చిట్టి కాన్పుకు వీధి ముడులు విప్పిన వైనం

మా జట్కాల వీధిలో ఇప్పటికీ ఏ గొడ్డు తప్పిపోయినా జనం ముందు దాన్ని కట్టేసిన గూటం వంక చూడరు, నా వంక చూస్తారు. చూడనీ. గుర్రాలనూ బర్రెలనూ పొట్టేలునూ కోళ్ళనూ ఒక్క మధ్యాహ్నంలో గంగజాతర మీదికి తోలి, కట్టుకున్న మొగుణ్ణి నడివీధిలో నిక్కరు మీద నిలబెట్టిన ఆడది తిరుపతి మొత్తం మీద నేనొక్కదాన్నే. ఇన్నేళ్ళూ ఆ సంగతిని ఎవరి నోటికి వచ్చినట్టు వాళ్ళు చెప్పుకుని నవ్వుకున్నారు. మనవడి పలక లాక్కుని నేను అక్షరాలు దిద్దుకునేసరికి తల నెరిసింది కాబట్టి వాళ్ళ ఆట సాగింది. ఇప్పుడు నా వంతు. కూర్చోండి, రాసి చెబుతాను.

అవి రెండో ప్రపంచయుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు గ్యాసు కుంపటిని వీపున కట్టుకుని, ఎత్తు వచ్చిన ప్రతిచోటా ముసలాళ్ళలా దగ్గేవి. రైలు దిగిన యాత్రికులకు జట్కాలే దిక్కు. మా ఇంటాయనకు ఒక జట్కా, దానికో గుర్రం. వాటికి తోడు చిట్టి.

చిట్టి కూడా గుర్రమే. కాకపోతే దేవుడు దాన్ని చేస్తూ చేస్తూ మట్టి చాలక ఆపేశాడు. నిలబడితే నా నడుము దాకా వచ్చేది కాదు. మేకల మందలోకి వదిలితే మేకలే జాలిపడేవి. రేణిగుంటలో డేరా వేసిన సర్కసు వాళ్ళు మేత దొరక్క మూట కట్టుకుని పోతూ దాన్ని మాకు అమ్మేశారు. దానికి ఒక చిన్నబండి చేయించి యాత్రికుల పిల్లల్ని ఎక్కించేవాళ్ళం. పిల్లలు చిట్టి బండి ఎక్కి దిగమని మొండికేస్తే, పెద్దవాళ్ళు చచ్చినట్టు మా జట్కాయే ఎక్కాలి కదా!

అట్లాంటి చిట్టి సూడి కట్టింది. తండ్రి, పక్కింటి మస్తానన్న గుర్రం సుల్తాను. సుల్తాను మా గడప ముందు నిలబడితే ఇంట్లోకి వెలుతురు వచ్చేది కాదు, అంతటి గుర్రం. అది కట్టు విప్పుకుని మా కొట్టంలోకి ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. ఆ ఒక్క ముడీ మాత్రం నేను విప్పలేదు.

నెలలు నిండేకొద్దీ చిట్టి, కాళ్ళు మొలిచిన గుమ్మడికాయలా తయారయింది. మా ఇంటాయన దాని కడుపు చూసి తల పట్టుకున్నాడు.

"ఇది ఈనలేదు మే. తండ్రి పోలిక పిల్ల అంటే కడుపులోనే అడ్డం పడతాది. తల్లీ పోతాది, పిల్లా పోతాది. పుత్తూరు సంతకు తోలేద్దాం."

"ఆడికి పోతే అడ్డం పడిన పిల్ల నిలువయితాదా? సచ్చేదయితే ఆడా సస్తాది. ఈడే ఉండనీ. నేను ఈనిపిస్తా."

"నువ్వా?" అని మా అత్త పొయ్యి దగ్గరనుంచి అందుకుంది. "సట్టిలో సంగటి తిప్పడం రాదు, గుర్రాన్ని ఈనిపిస్తాదంట! అది గాని సస్తే ఏం జేస్తావే?"

"సస్తే ఆ చిన్నబండికి నన్ను కట్టి తోలండి!"

ఇంట్లో అన్న మాట ఇంట్లో ఉంటుందా? మావి ఒకటే గోడ ఇళ్ళు. సాయంత్రానికల్లా వీధి వీధంతా నాకు కళ్ళెం కొలతలు తీస్తూ కూర్చుంది.

ఇక అప్పటినుంచి చూడండి నా అవస్థ. గుర్రానికి లేని నొప్పులు నాకు మొదలయ్యాయి. కొట్టంలో చిట్టికి ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. తిండి అక్కడే, కునుకు అక్కడే. దాని నడుముకు ఆముదం రాశాను. ఉలవలు ఉడకబెట్టి బెల్లం కలిపి పెట్టాను. దిష్టి తగులుతుందని బుగ్గన కాటుకచుక్క పెట్టాను. ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి నిప్పుల్లో వేస్తే ఆ ఘాటుకు అది తుమ్మిన తుమ్ముకు పిల్ల ముక్కులోంచి ఊడిపడుతుందేమో అనుకున్నాను. అది మాత్రం గడ్డి నములుతూ, అత్తింటికి పిలవకుండా వచ్చిన చుట్టాన్ని చూసినట్టు నన్ను చూసేది.

జాతర రోజు వచ్చింది. తిరుపతిలో గంగజాతరకు మగవాళ్ళు మొక్కుకుని ఆడవేషం కడతారని మీకు తెలిసిందే. మా ఇంటాయన ఆ ఏడు నా పెళ్ళిచీర కట్టి, సవరం పెట్టి జడ వేసి, పూలు తురుముకుని బయలుదేరాడు. కడుపుమంటతో చెబుతున్నాను, ఆ చీర నాకంటే ఆయనకే నప్పింది. మా అత్త పొంగలి కుండ ఎత్తుకుంది. మస్తానన్న కూడా వేషాలు చూడడానికి పోయాడు.

"గుడికి రావా?" అంది అత్త. "అమ్మవారికి కోపం వస్తాది."

"అమ్మవారికి బిడ్డల సంగతి తెలుసు. నన్నేమీ అనదు. మీరు పోండి."

వాళ్ళు అటు పోయారో లేదో చిట్టికి చెమటలు పట్టాయి. తోక ఎత్తింది, కాలితో నేల దువ్వింది, పడుకోబోయింది. నేను "తల్లీ, తల్లీ" అంటూ ఎగిరి దాని ముందుకు దూకాను. అది లేచి నిలబడి గడ్డి అందుకుంది. నేను పీట మీద కూర్చున్నాను. కాసేపటికి మళ్ళీ చెమట, మళ్ళీ నేల దువ్వడం. మళ్ళీ దూకాను. మళ్ళీ గడ్డి! ఇట్లా పొద్దు నడినెత్తికి వచ్చింది. నొప్పులు వచ్చి ఆగిపోవడమంటే పిల్ల అడ్డం పడ్డట్టే కదా? నాకు ఏడుపు వచ్చేసింది. బండి సంగతి కాదు, దాన్ని ఉంచుకుందామన్నది నేను. దాని ప్రాణం నా మాట మీద నిలబడి ఉంది.

వీధి చివర మంత్రసాని నాగవ్వ ఉండేది. కాళ్ళ నొప్పులతో జాతరకు పోలేక మంచం మీద పడుకుని ఉంది.

"అవ్వా, బిన్నా రా! కాన్పు కష్టమయింది!"

"ఎవురికి మే?"

"మా చిట్టికి."

నాగవ్వ లేచి కూర్చుని నన్ను కిందినుంచి మీదికి చూసింది. "ఈ వీధిలో సగం మంది నా చేతిలోనే పుట్టినారు. నీ మొగుడూ పుట్టినాడు. వాడూ గుర్రం మాదిరే తన్నినాడు గానీ, నిజం గుర్రానికి నేను పురుడు పొయ్యను. పో!"

"అట్లంటే ఎట్లవ్వా? నొప్పులు వస్తా ఉండాయి, నిలిచిపోతా ఉండాయి."

"మనుషులకయితే ఇంట్లో ముడి అనేది లేకుండా ఇప్పేస్తాం. పెట్టె తాళాలు తీసేస్తాం. కొప్పు ముడి గూడా ఉంచం. ఇంట్లో ముడి ఉంటే బిడ్డ దోవకు ముడి పడతాది. ఇంటికి పోయి ఇప్పుకో, నన్ను పండుకోనీ."

అంతే! ఆ మాట చాలు. పరుగున ఇంటికి వచ్చి ముందు కొప్పు విప్పాను. పెట్టెల తాళాలు తీశాను. గింజల మూటలు విప్పితే రాగులు ఇల్లంతా పారాయి. మంచం నవారు విప్పాను. బావి చేద తాడు విప్పాను. చేద బావిలో పడింది, పడనీ. మా జట్కా గుర్రం తాడూ, చిట్టి మెడ తాడూ విప్పేశాను. వచ్చి చూస్తే అది గడ్డి నములుతూనే ఉంది.

ఎక్కడో ముడి మిగిలింది. ఎక్కడ? ఆలోచిస్తే తట్టింది. మాకూ మస్తానన్నకూ ఒకటే గోడ. ఒకటే గోడ అయితే ఒకటే ఇల్లు కాదా? మస్తానన్నకూ ఆ పక్క పాల వాళ్ళకూ ఒకటే గోడ. ఆ లెక్కన వీధి మొత్తం ఒకటే ఇల్లు! వయసులో బుర్ర ఎంత చురుగ్గా పనిచేస్తుందో చూశారా? తా విప్పిన కోతి వనమెల్లా విప్పిందన్నట్టు, వరసగా మొదలుపెట్టాను.

సుల్తానును విప్పాను. పాల వాళ్ళ బర్రెల్ని విప్పాను. సాయంత్రం మొక్కు కోసం పసుపు పూసి కట్టేసిన పొట్టేలును విప్పితే, అది నాకు దండం పెట్టడం ఒక్కటే తక్కువ, రెక్కలు వచ్చినట్టు పోయింది. కోళ్ళ గంపల మూతలు విప్పాను. ఎవరి దండెం మీద బట్టలు వాళ్ళ దండెంతో సహా నేల మీద పడ్డాయి. వీధి మొగదల జాతర జనానికి అంబలి పోయడానికి వేసిన పందిరి ఉంది. నిజం చెబుతున్నాను, దాని దగ్గర కాస్త తటపటాయించాను. కానీ ఒక్క కొసన ముడి వదిలేస్తే ఇంత కష్టమూ బూడిదే కదా? విప్పాను. పందిరి నిట్టూర్చి అంబలి కాగుల మీద పడుకుంది.

సరిగ్గా అప్పుడే డప్పుల మోతతో వేషాల గుంపు మలుపు తిరిగింది. వాళ్ళకు ఏం కనబడిందో ఊహించండి. జుట్టు విరబోసుకుని, ఒళ్ళంతా చెమటలతో, కళ్ళు ఎర్రగా, పడిపోయిన పందిరి ముందు ఊగుతున్న ఆడది!

"గంగమ్మ పూనినాదప్పా!" అని ఎవరో అరిచారు. డప్పు దరువు మారిపోయింది. ఒకామె నిమ్మకాయతో వచ్చి కాళ్ళ మీద పడింది.

"తల్లీ, ఏం గావాల? పలుకు!"

"ముడులు!" అన్నాను రొప్పుతూ. "ముడులన్నీ ఇప్పండి!"

"ఇన్నారా? ముడులు ఇప్పమంటా ఉండాది తల్లి!"

ఇక చూడండి. వీధిలో ఉన్న ప్రతివాడూ తనమీది ముడి తాను విప్పడం మొదలుపెట్టాడు. తలపాగాలు ఊడాయి. కొంగు ముడులు విప్పితే వక్కాకు తిత్తులు రాలాయి. వేషగాళ్ళ జడలు, సవరాలు కుప్పగా పడ్డాయి. ఒకడు మాత్రం కొంగు బిగించి పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. నా పెళ్ళిచీర!

"అది గంగమ్మ గాదప్పా, నా పెండ్లాం!" అని మొత్తుకున్నాడు మా ఇంటాయన. "మే, నీకేం పొయ్యేకాలమే?"

"నీ నడుమున ముడి ఉండాది. ఇప్పు!"

"ఇప్పితే ఏముంటాదే నాకు?"

"అమ్మవారిని ఏమే గీమే అంటావా? చెంపలేసుకో!" అని గుంపు ఆయన మీద పడింది. చెంపలూ వేయించారు, చీరా ఊడదీశారు. నిక్కరు మీద, కాళ్ళకు గజ్జెలతో మిగిలాడు పాపం. మా అత్త పొంగలి కుండ నెత్తిన పెట్టుకుని ఆ వెనకే నిలబడి కొడుకునూ కోడలినీ మార్చి మార్చి చూసింది.

"ముందే చెప్పినా," అంది ఎవరికో. "ఈ సంబంధం వద్దురా అని."

అంతలో గుడి వైపునుంచి హాహాకారాలు. సుల్తాను జాతరలో జొరబడింది. దాని వెనక మా గుర్రం, ఆ వెనక బర్రెలు. బర్రెల వెనక బొరుగుల అంగళ్ళ వాళ్ళు. వాళ్ళందరికీ ముందు, మొక్కు తప్పిన పొట్టేలు. అమ్మవారూ లేదు, అయ్యవారూ లేదు, అందరం పరుగెత్తాము. నేనూ పరుగెత్తాను, విప్పినదాన్ని నేనే అయినప్పుడు ఏ బర్రె ఎవరిదో నాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? వాటిని వెంటబడి పట్టి, తోలుకొచ్చేసరికి పొద్దు వాలింది. పొట్టేలు దొరకనేలేదు. చంద్రగిరి దారిలో కొండెక్కిందని అన్నారు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు చిట్టి. మెడకు తాడు కూడా లేదు! కొట్టం వైపు పరుగు తీశాను. నా వెనక నిక్కరు, నిక్కరు వెనక మస్తానన్న, ఆ వెనక పొంగలి కుండ.

తాడు లేకపోయినా చిట్టి ఎక్కడికీ పోలేదు. కొట్టంలో నిలబడి ఉంది. దాని కాళ్ళ దగ్గర, నాలుగు చెరుకు గడల మీద కుందేలును నిలబెట్టినట్టు ఒక పిల్ల, తడి ఆరని ఒంటితో పాలు కుడుస్తోంది. అడ్డమూ పడలేదు, నిలువూ పడలేదు. చిట్టి పిల్లను నాకుతూ నన్ను ఒకసారి చూసి, మళ్ళీ వచ్చావా అన్నట్టు ముఖం తిప్పుకుంది.

నేను అక్కడే కూలబడి ఏడ్చాను. మా ఇంటాయన కూడా నా పక్కన కూర్చుని, పోయిన చీర సంగతి మరిచి పిల్ల వీపు నిమిరాడు.

మస్తానన్నే పాడు చేశాడు. "గుర్రానికి సిగ్గెక్కువ మునెమ్మా. మనిషి సూస్తా ఉంటే నొప్పుల్ని బిగబట్టుకుంటాది. నువ్వు ఎదురుగా పీటేసుకొని కూర్చుంటివి, అది ఆపుకునె. నువ్వు పోతివి, అది ఈనె. దీనికి ఊరి ముడులన్నీ ఇప్పల్నా?"

అత్త పకపకా నవ్వింది. నేను కళ్ళు తుడుచుకుని లేచాను.

"మస్తానన్నా, నేను ఈడ్నుంచి ఎందుకు పోతిని?"

"గొడ్లు ఊరిమీద పడె గాబట్టి."

"గొడ్లు ఎందుకు పడె?"

"నువ్వు ముడులు ఇప్పితివి గాబట్టి."

"అయితే చిట్టి ఎందుకు ఈనినట్టు?"

మస్తానన్న మా ఇంటాయన వంక చూశాడు. నిక్కరు మీద ఉన్న మగవాడు ఏం సాక్ష్యం చెబుతాడు? ఈ ప్రశ్నకు మా వీధిలో ఈరోజుదాకా జవాబు చెప్పినవాడు లేడు. నవ్వుతారు, అంతే. నవ్వు జవాబు కాదు.

అయినా పెద్దదాన్ని అయ్యాను, పదిమంది పదేపదే అన్నారు కాబట్టి ఒక ప్రమాణం చేసి ఇస్తున్నాను. గంగమ్మ సాక్షిగా, కాపురం చేసిన ఇంటి సాక్షిగా, ఎంతటి గుర్రానికి ఎంతటి నొప్పులు వచ్చినా సరే, ఈ జన్మలో మళ్ళీ వీధిలో ఎవరి ముడీ ఈ వేళ్ళతో విప్పను. వేళ్ళకు వాతం పట్టింది, ఒక్కో ముడి ఒక పూట తింటుంది. ఈసారి కొడవలితో కోసేస్తాను.