రాజేశమన్న బండి ఎందుకు కదలలేదు

లాక్‌డౌన్ నాటి నుంచి ఒక విషయం లోపల పెట్టుకుని బతుకుతున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మగ్గాల చప్పుడులో చాలాసార్లు పైకే అనేశాను. అక్కడ ఎవరికీ వినపడదు, అందుకే అనగలిగాను. ఇప్పుడు వినపడేలా చెప్పాలని కూర్చున్నాను. మీరెవరో నాకు తెలియదు. నాకున్న ధైర్యం అదే.

ముందు రాజేశమన్న గురించి చెప్పాలి. సిరిసిల్ల దగ్గరి మనిషి, మాకు పక్క ఊరే. సూరత్‌లో ఇద్దరం ఉధ్నాలో పవర్‌లూమ్‌లు నడిపేవాళ్లం, గోడాదరాలో ఒకే గదిలో ఆరేళ్లు ఉన్నాం. మా కార్మిక సంఘంలో ఏ గొడవకైనా ముందుండేది ఆయనే.

ఆయనకొక పాత ఎర్ర మోటార్‌సైకిల్ ఉండేది. మేమంతా ఊరికి రైల్లో పోతే ఆయన మాత్రం మహారాష్ట్ర అంతా దాటుకుంటూ దాని మీదే పోయేవాడు. ఒక వానాకాలం నన్ను వెనక కూర్చోబెట్టుకుని సాపుతారా కొండల ఘాట్ రోడ్డు ఎక్కించాడు. నేను కళ్లు మూసుకుని దేవుళ్లందరినీ తలుచుకుంటుంటే ఆయన గొంతెత్తి పాడుతున్నాడు. దిగేటప్పుడు అడవిలో టైరు పంక్చరైతే, దాంట్లో గడ్డి కుక్కి ఊరిదాకా నడిపించాడు. ఆ కథ ఎంతమందికి చెప్పాడో!

ఒకసారి మాలో ఒకడి వేళ్లు మగ్గంలో పడి నలిగాయి. రాజేశమన్న వాణ్ణి బండెక్కించి, పడిపోకుండా తువ్వాలుతో తన నడుముకు కట్టుకుని ఆసుపత్రిలో చేర్చాడు. అక్కడి నుంచి నేరుగా ఆల్థాన్‌లో ఉన్న మగ్గాల యజమాని శేఠ్ ఇంటికి పోయి, గేటుకు అడ్డంగా బండి నిలిపి దాని మీదే కూర్చున్నాడు. కారు బయటికి రావడానికి లేదు. మధ్యాహ్నం దాటాక శేఠ్ నడుచుకుంటూ వచ్చి, వైద్యం అంతా నాదే పూచీ అన్నాడు.

అలాంటి మనిషికి నేను చేసింది ఇది.

లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగాయి. భోజనాల మెస్సులు మూతపడ్డాయి. రాజేశమన్న సంఘం వాళ్లను కూడగట్టి గల్లీలోనే పొయ్యి పెట్టించి కిచిడీ వండించాడు. ఏ గదిలో ఎవరు తినలేదో ఆయనకు తెలిసేది. ఆయన ఉన్నాడన్న ధీమాతోనే నేను రోజులు నెట్టుకొచ్చాను.

అంతలో ఆయనకు ఊరి నుంచి ఫోన్. వాళ్ల నాయన మంచం పట్టాడు, ఊపిరి ఆడటం లేదు, కొడుకు కావాలంటున్నాడు. వారం రోజులు తిరిగి, ఆ బండి నంబరు మీదే ఇద్దరు పోవడానికి పర్మిషన్ కాగితం సంపాదించాడు రాజేశమన్న. ఆ సాయంత్రం మేడ మీద నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

“రేపు పొద్దుగాల్నే బయలెల్లుదాం. నువ్వు వెనక కూసో. మూడు దినాల్ల ఇంటికాడ ఉంటం.”

“తొవ్వల పోలీసోళ్లు కొడుతుండ్రట గదన్నా.”

“కాగితం ఉంది గదరా. భయమైతుందా? అయితే చెప్పు, తప్పేం లేదు. నేనొక్కన్నే పోత.”

“భయమేంది అన్నా. వస్త.”

“సచ్చీ? నిజంగనేనా?”

“సచ్చీ.”

నాకు భయమే. రోడ్డంటే భయం, దెబ్బలంటే భయం, దారిలో రోగం తగిలి దిక్కులేకుండా పోతానేమోనని భయం. వీటన్నిటికంటే, ఆయన వెళ్లిపోతే ఆ గదిలో ఒంటరిగా మిగలడం అంటే భయం. నిజం చెబితే ఆయన ఒక్కడే పోతాడు. చెప్పకపోతే నేనూ పోవాలి. నాకు రెండూ వద్దు. ఆయన ఉండిపోవాలి. అంతే.

ఆయన కిచిడీ పంచడానికి గల్లీలోకి దిగాడు. నేను బండి దగ్గరికి పోయాను. ఆదివారాలు ఆయనతో పాటు ఆ బండి విప్పి బిగించినవాణ్ణి, దానిలో ఎక్కడ ఏముందో నాకు తెలుసు. ట్యాంకు కింద ప్లాస్టిక్ సాకెట్ లోపల ఒక వైరు ఊడదీసి, పైన రబ్బరు మళ్లీ ఎప్పటిలా తొడిగాను. చూస్తే అంతా సరిగ్గానే ఉంటుంది. రెండు రోజులు ఆలస్యమైతే ఏమవుతుంది, ఈలోపు రైళ్లు వేస్తారేమో, ముసలాయన కోలుకుంటాడేమో అనుకున్నాను. నిజంగా అప్పుడే అనుకున్నానా, నన్ను నేను కాపాడుకోవడానికి తర్వాత కల్పించుకున్నానా? ఎంత ఆలోచించినా తేల్చుకోలేకపోతున్నాను.

తెల్లారి బ్యాగులు కట్టుకుని కిందికి దిగాం. బండి స్టార్ట్ కాలేదు. చొక్కా తడిసి ముద్దయ్యేదాకా కిక్కు కొట్టాడు. ప్లగ్ మార్చాడు, కార్బురేటర్ విప్పి తుడిచాడు. మెకానిక్ షాపులన్నీ మూతే. తెలిసిన మెకానిక్ ఉండే వీధికి కంచె కట్టేశారు, ఫోన్లో అతను చెప్పినవన్నీ చేసి చూశాడు. మూడు రోజులు అదే పని. ట్యాంకు కింది చీకట్లోకి సెల్‌ఫోన్ వెలుగు పట్టుకుని పక్కన నిలబడింది నేనే.

మీతో చెప్పుకోవాల్సిన అసలు మాట ఇది. వైరు ఊడదీసినప్పుడు నాది పిరికితనం అనుకోవచ్చు. కానీ ఆ మూడు రోజుల్లో ఏ గంటలోనైనా దాన్ని మళ్లీ తగిలించగలిగేవాణ్ణి. ఒక్క నిమిషం పని. ఆయన అన్నానికి కూర్చున్నప్పుడు, నీళ్లకు పోయినప్పుడు, ఎన్ని నిమిషాలు దొరికాయో! ఒక్కటీ వాడుకోలేదు. మొదటి రోజు దొరికిపోతానని భయం. తర్వాత ఇంత జరిగాక ఎలా అని. దానికి ఏం పేరు పెట్టాలి?

నాలుగో రోజు మధ్యాహ్నం వాళ్ల నాయన పోయాడు. అనుకున్న రోజున బయలుదేరి ఉంటే ముందురోజుకే ఊళ్లో ఉండేవాళ్లం. తమ్ముడు తలకొరివి పెడుతుంటే రాజేశమన్న గల్లీలో బండి పక్కన నిలబడి వీడియోకాల్‌లో చూశాడు. అయిపోయాక ఫోనుకే దండం పెట్టాడు.

మరునాడు నేను వైరు తగిలించాను. ప్రాయశ్చిత్తం అనుకున్నానో, గుర్తులు చెరపాలనుకున్నానో. ఆ సాయంత్రం ఆయన బండి దగ్గరికొచ్చి ఊరికే కిక్కు కొట్టాడు. ఒక్క దెబ్బకు స్టార్టయింది. కాసేపు ఆ చప్పుడు విని, ఆపేసి, “ఇప్పుడా?” అన్నాడు బండితోనే.

మళ్లీ దాన్ని నడపలేదు. షాపులు తెరిచిన వారమే అమ్మేశాడు. సర్వీసింగు చేయించకుండా వాయిదా వేశానని తన తప్పే లెక్కగట్టుకున్నాడు. ఘాట్ కథలు చెప్పడం కూడా మానేశాడు. మరుసటి ఏడు రెండో వేవ్‌లో మా వాళ్లను ఆటోల్లో ఆసుపత్రులకు తిప్పుతూ తనే జబ్బుపడ్డాడు. తొమ్మిదో రోజు పోయాడు. చివరిదాకా ఆయనకు తెలియదు.

ఏటా సంఘం ఆఫీసులో ఆయన్ని తలుచుకుంటాం. ఆయన సాహసాలన్నీ చెప్పుకుని, చివర్లో ఎవరో ఒకరు “గా బండే మోసం చేసింది పాపం” అంటారు. నేను తలూపుతాను. ఇన్నేళ్లూ ఊపాను.

పోయిన ఆదివారం ఊళ్లో ఉన్న వదినకు, అంటే రాజేశమన్న భార్యకు, ఫోన్ చేసి అంతా చెప్పాను. నేను ఆగాక, “మా మామ దినాం వాకిలి దిక్కే జూసిండు. బండి సప్పుడైతే లేవబోయెటోడు” అంది. తర్వాత ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఎత్తకపోవడమే న్యాయం. క్షమించమని నేను అడగలేదు, అడగను కూడా.

ఎల్లుండి సంఘంలో మళ్లీ ఆయన్ని తలుచుకుంటాం. ఈసారి నేను లేచి నిలబడతాను. నన్ను సంఘం నుంచి తీసేస్తారేమో, ఒకే షెడ్డులో పనిచేసేవాళ్లు మాట్లాడటం మానేస్తారేమో. కానీయండి. వదినకు చెప్పిన రోజు నుంచి రాత్రిళ్లు కాస్త నిద్ర పడుతోంది. ఆ సుఖానికి నేను అర్హుణ్ణి కాదేమో. అయినా ఆగను. బండి ఆగింది ఆయన సర్వీసింగు వాయిదా వేసినందుకు కాదని, ఆ బండిలో ఏ లోపమూ లేదని, దాన్ని ఆపింది నేనేనని నా పేరుతో సహా అందరి ముందు చెబుతాను.