గిరాకిని వదులుకునే కంపెనీ

"పని తగ్గిపోతున్న కంపెనీల ఏం జూసి కూసుంటవు బిడ్డా? రేపే రాజీనామా ఇయ్యి!" అన్నాడు నా కొడుకు.

"పని తగ్గుతలేదు బాపూ, వాళ్లే తగ్గించుకుంటున్నరు. జర సమజ్ చేస్కో," అంది మనవరాలు.

"వచ్చిన గిరాకిని ఎవడన్నా ఎల్లగొట్టుకుంటడా? గిదేం దందా?"

"నష్టం తెచ్చే గిరాకిని ఎల్లగొట్టుకుంటరు. మీరేమో సేఠ్ కూలి ఎంత కోసినా మగ్గం నేస్తరు. అందుకే ఇంకా కిరాయింట్లనే ఉన్నం."

కొడుకు చేతిలోని రొట్టె ముక్కను కంచంలో విసిరేశాడు.

"తిని కొట్లాడుండ్రి. పిండి ఊరికే రాలే," అన్నాను.

మనవరాలి కంపెనీ పెద్ద ఫ్యాక్టరీల కంప్యూటర్లను పగలూ రాత్రీ ఆగకుండా నడిపిస్తుంది. ఒకప్పుడు ఇంకా పెద్ద కంపెనీలో భాగంగా ఉండి, తర్వాత వేరుపడిందట. తల్లి కంపెనీ తక్కువ ధరకు ఒప్పుకున్న పనులన్నీ దీని నెత్తిన పడ్డాయి. ఇప్పుడు ఒక్కొక్కదాని గడువు తీరగానే ధర పెంచమని అడుగుతోంది, పెంచకపోతే వదిలేస్తోంది. ఊరవతల హజీరాలో మనవరాలు పనిచేసే ఫ్యాక్టరీ అలా గడువు తీరబోతున్న వాటిలో ఒకటి. రింగ్ రోడ్‌లో ఒక చీరల దుకాణంలో కంప్యూటర్ చూసుకునే నౌకరీని కొడుకు మాట్లాడి పెట్టాడు. ఆ సేఠ్ మర్నాటి వరకే ఆగుతానన్నాడు.

నేను రెండో తరగతితోనే బడి మానేశాను. మరమగ్గాల పని మాత్రం తెలుసు. మగ్గం మీది పడుగు అయిపోకముందే సేఠ్ కొత్త పడుగు చుట్టిన బీము పంపాలి. పాత పోగుల కొసలకు కొత్తవి ముడేస్తారు. బీము రాలేదంటే ఆ సేఠ్ పని ఇక లేదని నేసేవాడికి తెలిసిపోతుంది.

"గడువు తీరినంక ఆ ఫ్యాక్టరీ పని మళ్ల మీకే ఇస్తున్నరా?" అని అడిగాను.

"లేదు నానమ్మా. పెంచిన రేటుకు ఒప్పుకుంటలేరు."

"మరి నిన్నెక్కడ పెడ్తరట?"

"పుణెల ఒక ఖాళీ ఉన్నదంటున్నరు. ఇంకా అడగలే."

"ఏమిటికి అడగలే?"

"అడిగితే లేదంటరేమోనని."

కొడుకు తల దించుకున్నాడు. కంపెనీ ఆలోచన తప్పని అనలేను. మగ్గం ఆగకూడదని నా భర్త నష్టానికే నేశాడు, చివరికి మగ్గాలే అమ్మాడు. నష్టపు పని వదిలినవాడు నిలబడతాడు. కానీ ఆ పని మీద బతికేవాడికి అతని తెలివి అన్నం పెట్టదు.

"కంపెనీ బాగుపడుతది బిడ్డా. అండ్ల నీకు జాగ ఉన్నదో లేదో వేరే ముచ్చట. పొద్దుగాల్నే అడుగు. లేదంటే బాపు జూసిన నౌకరీకి పో. నడుమ నిలబడకు."

"అంత సీదగ అంటవేంది నానమ్మా!" అని ఆమె కళ్లు తుడుచుకుంది. నేను ఓదార్చలేదు.

మర్నాడు ఉదయం కంపెనీ బస్సు రాకముందే ఆమె మేనేజర్‌కు ఫోన్ చేసింది. పుణెలో ఖాళీని వేరేవాళ్లకు ఇచ్చేశామని ఆయన చెప్పాడు. కొడుకు బండి బయటికి తీశాడు. ఇద్దరూ రింగ్ రోడ్‌కు వెళ్లారు.